నాచు మడుగులో వెలుతురు ఎక్కడ పోతోంది?

సంపాదకుల వారికి,

నాచు మామూలు పంటలకంటే ఎన్నో రెట్లు మెరుగ్గా ఎండను ఒడిసిపడుతుందని ప్రచారం సాగుతోంది. ఎండలో సుమారు సగం శక్తే కిరణజన్య సంయోగక్రియకు పనికొస్తుంది. ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువును స్థిరపరచాలంటే, అంటే మొక్క పదార్థంలో కలుపుకోవాలంటే, కనీసం 8 ఫోటాన్లు (వెలుతురు కణాలు) కావాలి. పైగా వరి, గోధుమల్లో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవాల్సిన రుబిస్కో ఎంజైము ఆక్సిజన్‌నూ పట్టుకుంటుంది, వేడి పెరిగేకొద్దీ మరీను. అందుకే ఎండ శక్తిలో అవి మొక్క పదార్థంగా మార్చగల సైద్ధాంతిక గరిష్ఠం 4.6 శాతం; ఈ నష్టాన్ని చాలావరకు తప్పించుకునే మొక్కజొన్న, చెరకులకు 6. పొలంలో సాధారణంగా 1 శాతం దాటదు.

నాచు రుబిస్కో చుట్టూ కార్బన్ డయాక్సైడ్‌ను పోగుచేసుకోగలదు, నిజమే. కానీ చిక్కబడ్డ మడుగులో పై కణాలు అవసరానికి మించిన వెలుతురు మింగి, మిగులును వేడిగా వదిలేస్తాయి. జానెడు లోతున చీకటే. నీటిని ఆపకుండా కలియతిప్పాలి, చిక్కబడకముందే వడకట్టాలి. పల్చటి పరీక్షనాళికలో వచ్చిన అంకెను మడుగు దిగుబడిగా దయచేసి అచ్చువేయకండి.

— వృక్షశాస్త్ర అధ్యాపకులు