ఫుట్‌బాల్ జట్టు జమా ఖర్చుల వివరణ: జెర్సీలు ఎందుకు రాలేదు, డబ్బు ఎక్కడికి పోయింది

జూన్ 12న బడి తెరిచిన రోజు నుంచి సెప్టెంబరు 20 వరకు మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఫుట్‌బాల్ జట్టు కోసం పూర్వ విద్యార్థుల కమిటీ వసూలు చేసిన డబ్బుకు, పెట్టిన ఖర్చుకు ఇది లెక్క.

మొత్తం జమ రూ. 1,41,770. మొత్తం ఖర్చు రూ. 1,33,910. నిల్వ రూ. 7,860. ఇందులో 6,500 బ్యాంకులో, 1,360 కోశాధికారి చేతిలో ఉన్నాయి.

అంకెల కన్నా ముందు ఒక మాట ఒప్పుకోవాలి. వేసవిలో మేము పంచిన కరపత్రంలో పెద్ద అక్షరాలతో 'పిల్లలకు కొత్త జెర్సీలు, కిట్టు' అని వేశాం. అది చదివే చాలామంది డబ్బిచ్చారు. ఈ రోజుకీ పిల్లల ఒంటి మీద కొత్త జెర్సీ లేదు. పాత నీలం చొక్కాలతోనే ఆడుతున్నారు, ఒకరిద్దరివి వీపు మీద నంబర్లు కూడా ఊడిపోయాయి. 'జెర్సీలు ఏవన్నా?' అని దారిలో ఆపి అడిగినవాళ్ళు పదిమందికి తక్కువ లేరు. అడగాల్సిందే. ఒకదానికని వసూలు చేసి ఇంకోదానికి ఖర్చు పెట్టేముందు దాతలకు చెప్పాలి. మేము చెప్పలేదు. జూన్ చివర్లో నలుగురం కూర్చుని నిర్ణయం తీసుకుని పని మొదలుపెట్టేశాం. అది కమిటీ తప్పు, కోచ్‌ది కాదు.

జమ

2003-04 పదో తరగతి బ్యాచ్ వాళ్ళు అందరూ కలిసి రూ. 40,000 ఇచ్చారు. మిగతా బ్యాచ్‌ల నుంచి ఫోన్‌పేలో 59 మంది పంపినవి రూ. 46,350. బడి ఉపాధ్యాయులు రూ. 12,000. బజారులో అంగళ్ళ వాళ్ళు రూ. 21,500. కువైట్‌లో ఉన్న ఇద్దరు పూర్వ విద్యార్థులు చెరి అయిదు వేలు, రూ. 10,000. బస్టాండు టీ హోటల్లో పెట్టిన డబ్బాలో రూ. 3,740, ఎక్కువ భాగం చిల్లర. పోయిన ఏడాది నిల్వ రూ. 6,180. ఆగస్టు పదిహేను టోర్నీలో మూడో స్థానానికి వచ్చిన బహుమతి రూ. 2,000. ఈ రెండు వేలు పిల్లలకే పంచుదామన్నాం గానీ, వాళ్ళే బంతులకు వాడమన్నారు.

ఫోన్‌పే డబ్బు జులై వరకు కోశాధికారి సొంత ఖాతాకు వచ్చిందని కొందరు ఆక్షేపించారు. నిజమే. ఇప్పుడు గ్రామీణ బ్యాంకులో అధ్యక్షుడు, కోశాధికారి ఇద్దరి పేరు మీద జాయింట్ ఖాతా తెరిచాం. సొంత ఖాతాకు వచ్చిన ప్రతి రూపాయినీ అందులోకి మార్చాం. ఆ స్టేట్‌మెంటు ఫైల్లో ఉంది.

ఖర్చు ఎందుకు మారింది

పాత పీడీ సార్ (ఆటలు నేర్పే ఉపాధ్యాయుడు) వేసవి బదిలీల్లో వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చిన సార్ మంచివారే, కానీ కబడ్డీ మనిషి. ఫుట్‌బాల్ నాకు రాదని ఆయనే నిజాయితీగా చెప్పారు. అప్పుడు హెడ్మాస్టరు గారి అనుమతితో, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ తీర్మానంతో గౌరవ వేతనం మీద కోచ్‌ను పెట్టుకున్నాం. అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ మైదానాల్లో ఆడి పెరిగిన అమ్మాయి. మగపిల్లల జట్టుకు ఆడమనిషి కోచ్ ఏంటి అని మొదటి వారం గొణిగినవాళ్ళు ఉన్నారు. పిల్లలు మాత్రం రెండో రోజు నుంచే 'మేడమ్ మేడమ్' అంటూ వెంట తిరిగారు.

జూన్ చివరి వారంలో పక్క మండలానికి వెళ్ళి స్నేహపూర్వక మ్యాచ్ ఆడాం. 0-5తో ఓడిపోయాం. అయిదు గోల్స్‌లో మూడు మన గోల్‌కీపర్ చేతికి జానెడు దూరంలో వెళ్ళాయి. వాడు ఏడ్చుకుంటూ బస్సెక్కాడు. మరుసటి రోజు పొద్దున్నే మేడమ్ టేపు పట్టుకుని మన బడి మైదానానికి వచ్చారు. గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు ఉండాలి. మన వెదురు బొంగుల గోలు అయిదున్నర మీటర్లు! ఎత్తు ఒక పక్క రెండు మీటర్లు, ఇంకో పక్క అంతకు జానెడు ఎక్కువ. ఏళ్ళ తరబడి మన కీపర్లు చిన్న గోలులో నేర్చుకుని బయటికి పోయి పెద్ద గోలులో నిలబడుతున్నారు. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు. ఇది రాస్తున్న కోశాధికారి కూడా ఆ బొంగుల మధ్యే మూడేళ్ళు కీపర్‌గా ఆడాడు.

ఆ రోజు మేడమ్ మాతో అన్నది ఇది: 'జెర్సీ వేసుకుంటే ఫొటో బాగుంటుంది సార్. ముందు రాళ్ళు తీయించండి.'

గోలుపోస్టులకు ఇనుప పైపులు, వెల్డింగు, రంగు, గుంతలో సిమెంటు కాంక్రీటు కలిపి రూ. 13,800, రెండు వలలు రూ. 3,600. ఈ పద్దు రూ. 17,400. కాంక్రీటు ఎందుకు, ఊరికే పాతితే చాలదా అన్నారు. పిల్లలు అడ్డకమ్మి పట్టుకుని వేలాడతారు. పోస్టు మీద పడితే ప్రాణం మీదికొస్తుంది.

మైదానానికి రూ. 23,350 అయింది. జేసీబీ అయిదు గంటలు, గంటకు 1,300 చొప్పున రూ. 6,500. మూలన పెరిగిన కంపచెట్లు పీకించడానికే రెండు గంటలు పట్టింది. ఎర్రమట్టి ట్రాక్టర్ 14 ట్రిప్పులు, ట్రిప్పుకు 900, మొత్తం రూ. 12,600. తొక్కించేముందు తడపడానికి నీళ్ళ ట్యాంకర్లు నాలుగు, రూ. 2,400. రాళ్ళు ఏరింది మాత్రం పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు. రెండు ఆదివారాలు. కూలి ఎవరూ తీసుకోలేదు, టిఫిన్లకు రూ. 1,850 పెట్టాం. మైదానం 86 మీటర్ల పొడవే వచ్చింది. పెద్దల మ్యాచ్‌కు కనీసం 90 ఉండాలి. ప్రహరీ గోడ అడ్డం, అంతకుమించి మేము చేయగలిగింది లేదు.

బూట్లకు ఎక్కువ వాదన జరిగింది. ప్రాక్టీసుకు వచ్చే 26 మందిలో నలుగురికి సొంత స్టడ్స్ (అడుగున పళ్ళున్న ఫుట్‌బాల్ బూట్లు), షిన్ గార్డ్స్ (మోకాలి కింద ముంగాలికి కట్టుకునే రక్షణ) ఉన్నాయి. మిగతా 22 మందికి కొన్నాం. జత 780 చొప్పున బూట్లు రూ. 17,160, షిన్ గార్డ్స్ 150 చొప్పున రూ. 3,300, మేజోళ్ళు 90 చొప్పున రూ. 1,980. మొత్తం రూ. 22,440. షిన్ గార్డ్స్ లేకుండా ఆట నియమాల ప్రకారం మైదానంలోకి దిగనివ్వరు, కాబట్టి దాని మీద చర్చే లేదు. బూట్ల దగ్గర మా కమిటీలో ఒక పెద్దాయన అడ్డం తిరిగారు. '1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు ఉత్త కాళ్ళతోనే ఫ్రాన్స్‌ను గడగడలాడించారు, వీళ్ళకు బూట్లెందుకు' అని. ఆ మ్యాచ్ 1-2తో ఓడాం, రెండు పెనాల్టీలు పోగొట్టుకున్నాం, అది వేరే సంగతి. నాలుగేళ్ళ తర్వాత 1952లో హెల్సింకీలో చలికి, బూట్లు లేని కాళ్ళకు కుదరక యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడాక, బూట్లు తప్పనిసరి అని మన ఫుట్‌బాల్ ఫెడరేషనే చెప్పింది. అప్పటి కోచ్ మన హైదరాబాదు రహీమ్ గారు, ఒకప్పుడు బడిపంతులు. ఆ తర్వాత ఆయన జట్టే 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. ఇదంతా చెప్పాక పెద్దాయన సంతకం పెట్టారు. తన మనవడికి ఒక సైజు పెద్దది తీసుకోమని కూడా చెప్పారు.

సైజు సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాం. మేడమ్ ఒక్కొక్కరి పాదం న్యూస్‌పేపరు మీద పెట్టించి పెన్సిల్‌తో గీయించి, ఆ కాగితాలు కట్టగట్టి అంగడికి తీసుకెళ్ళారు. ఒక్క జత కూడా మార్చాల్సి రాలేదు. బూట్లు బడి ఆస్తి. నంబర్లు వేసి బీరువాలో ఉంచాం. కాలు పెరిగితే ఆ జత కిందివాడికి వస్తుంది.

బంతులు ఆరు, ఒక్కోటి 850 చొప్పున రూ. 5,100. కోన్లు, బిబ్స్ (చొక్కా మీద తొడుక్కునే పలచటి బనియన్లు), పంపు రూ. 2,450. ఈ పద్దు రూ. 7,550.

తిండికి రూ. 15,810. ఇది కరపత్రంలో అసలు లేదు. ప్రాక్టీసు పొద్దున పావు తక్కువ ఆరుకు మొదలవుతుంది. బడిలో రాగిజావ, భోజనం ఉన్నాయి, కానీ అవి తర్వాత. మొదటి వారంలోనే ఇద్దరు పిల్లలు కళ్ళు తిరిగి కూలబడ్డారు. కలుపు పనులకు పోయే ఇళ్ళలో తెల్లవారుజామున పిల్లలకు ఏం వండి పెడతారు? అప్పటి నుంచి ప్రాక్టీసు అయిన వెంటనే ఒక ఉడికించిన గుడ్డు, ఒక అరటిపండు. 72 రోజుల్లో 1,540 గుడ్లు. ధర రోజూ మారినా సగటున 6.50 పడింది, రూ. 10,010. అరటిపండ్లు రూ. 4,300. గుడ్లు ఉడికించి పెట్టిన వంట ఆయమ్మకు మూడు నెలలకు కలిపి రూ. 1,500 ఇచ్చాం. ఆమె అడగలేదు. శనివారం గుడ్డు ముట్టనివాళ్ళు సగం మంది ఉన్నారు. ఆ రోజులకు తల్లిదండ్రులే ఉడకబెట్టిన శనక్కాయలు పంపుతున్నారు, అవి లెక్కలో లేవు.

కోచ్ గౌరవ వేతనం నెలకు రూ. 8,000. జూన్‌లో సగం నెలకు 4,000, తర్వాత మూడు నెలలకు 24,000, మొత్తం రూ. 28,000. ఇది ఎక్కువ అన్నవాళ్ళకు మా జవాబు ఒకటే: రోజూ పొద్దున, సాయంత్రం రెండు పూటలు వచ్చి నిలబడితే రోజుకు పడేది కూలి రేటు కన్నా తక్కువ.

ప్రయాణాలకు రూ. 13,750. దగ్గరి ఊళ్ళకు నాలుగు ట్రిప్పులు, 950 చొప్పున రూ. 3,800. అనంతపురానికి రెండు ట్రిప్పులు, 2,900 చొప్పున రూ. 5,800. దారిలో భోజనాలు రూ. 4,150. అనంతపురం రెండుసార్లు ఎందుకంటే, బడి జట్ల జాతీయ పోటీ అయిన సుబ్రతో కప్‌లో జిల్లా స్థాయి మ్యాచ్ వాయిదా పడిన సంగతి నిర్వాహకులు మాకు చెప్పలేదు. పిల్లలతో వెళ్ళి, గేటు దగ్గర తెలుసుకుని, వెనక్కి వచ్చాం. ఆ 2,900 వృథా. ఇక మీదట ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి ఖాయం చేసుకోకుండా బండి కట్టం.

మందులు, క్రేప్ బ్యాండేజీలు, ఒక పిల్లవాడి మణికట్టుకు ఎక్స్‌రే, రూ. 2,760. ఎముక విరగలేదు. పోటీకి పేర్లిచ్చే ఫారాలు, ఫొటోలు, జిరాక్స్‌లు రూ. 1,350. జిరాక్స్‌లకు ఇంతా అనొద్దు. పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకటి, అడ్మిషన్ రిజిస్టరులో ఒకటి ఉన్నవాళ్ళు ముగ్గురు తేలారు. ఇద్దరివి సరిచేయించాం. మూడోవాడు ఈ ఏడాది ఆ పోటీకి బయటే కూర్చున్నాడు.

చివరి పద్దు రూ. 1,500. ఇది పూర్తిగా నష్టం. జూన్‌లో జెర్సీలకు అడ్వాన్సుగా 5,000 ఇచ్చాం. ఆర్డరు రద్దు చేసుకుంటే, డిజైన్ పని అయిపోయిందని అంగడివాళ్ళు 3,500 మాత్రమే తిరిగిచ్చారు. మైదానం చూడకముందే జెర్సీల రంగు ఎంచుకోవడానికి కూర్చున్న మా తొందరకు అయిన ఖర్చు అది.

బిల్లు లేనివి రెండు: అరటిపండ్లు, నీళ్ళ ట్యాంకర్లు. కలిపి రూ. 6,700. తెల్లకాగితం వోచర్ల మీద సంతకాలు తీసుకున్నాం. మిగతా అన్నింటికీ బిల్లులున్నాయి.

ఆట సంగతి

ఏడు మ్యాచ్‌లు ఆడాం. నాలుగు ఓడాం, ఒకటి సమం, రెండు గెలిచాం. మనం వేసినవి 8 గోల్స్, తిన్నవి 13. వరసగా చూస్తే 0-5, 1-3. ఆ తర్వాత కొత్త గోలుపోస్టులు నిలబడ్డాయి. సుబ్రతో కప్‌లో 0-1, పిల్లలు పచ్చిక మీద ఆడటం అదే మొదలు, బంతి వాళ్ళనుకున్న చోట ఆగలేదు. మన మైదానంలో 1-1. ఆగస్టు పదిహేను టోర్నీలో సెమీఫైనల్ 1-2తో పోయింది, మూడో స్థానం మ్యాచ్ 2-0తో గెలిచాం. సెప్టెంబరులో స్కూల్ గేమ్స్ మండల స్థాయిలో 3-1. ఆ రోజు అవతలి జట్టుదీ నీలం చొక్కాలే. మనవాళ్ళు చొక్కా మీద ప్రాక్టీసు బిబ్స్ తొడుక్కుని ఆడారు. చూడటానికి బాగాలేదు, ఒప్పుకుంటాం.

జెర్సీలకు 26 మందికి 550 చొప్పున రూ. 14,300 కావాలి. ఉన్న నిల్వ 7,860 మొత్తం అటే పెట్టినా ఇంకా 6,440 తక్కువ. కానీ అక్టోబరు వేతనం 8,000 కూడా ఇవ్వాలి, అది ముందు. ఈసారి మేము నిర్ణయించం. దసరా సెలవులయ్యాక వచ్చే మొదటి ఆదివారం పొద్దున తొమ్మిదికి బడిలో వేపచెట్టు కింద సమావేశం. డబ్బిచ్చిన ప్రతివారూ రండి. జెర్సీలకని ఇచ్చిన డబ్బు ఇలా ఖర్చయిందని బాధపడి వెనక్కి అడిగేవారికి ఇచ్చేస్తాం, నిల్వలో చాలకపోతే కమిటీ సభ్యులం సర్దుతాం. ఇప్పటిదాకా ఒక్కరు అడిగారు, తర్వాత మైదానం చూసి వద్దన్నారు.

బిల్లుల ఫైలు హెడ్మాస్టరు గారి గదిలో ఉంది. పనిదినాల్లో సాయంత్రం నాలుగు తర్వాత ఎవరైనా వచ్చి చూడొచ్చు.

ఇంకొకటి. ఫోన్‌పేలో పంపిన 59 మందిలో 58 మందికి రశీదులు రాశాం. జులైలో రూ. 1,116 పంపిన ఒకరు ఎవరో పేరు తెలియలేదు, ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మీరే అయితే చెప్పండి. రశీదు పుస్తకంలో 59వ పేజీ ఖాళీగా ఉంచాం.