వార్షిక నివేదిక 2024–25: సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చదివినది

సభకు నమస్కారం. అధ్యక్షుల వారికి, కోశాధికారి గారికి, కార్యవర్గ సభ్యులకు, మహిళా సంఘాల అక్కలకు, ఇంత ఎండలోనూ వచ్చిన పెద్దలకు పేరుపేరునా వందనాలు. నిరుడు ఇదే రోజు మన మధ్య ముందు వరుసలో కూర్చున్న ముగ్గురు ఈరోజు లేరు. వాళ్లలో ఇద్దరు చివరి పదేళ్లు మంచం దిగలేదు. ఫ్లోరైడ్ నీళ్లతో వాళ్ల నడుములు ఎలా వంగిపోయాయో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒక్క నిమిషం మౌనం పాటించి మొదలుపెడదాం.

మన సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. ఎవరికి ఓటేశారని ఎవరినీ అడగం, గెలిచినవాళ్లను మాత్రం పని అడుగుతాం. ఈ ఏడాది ఆ అడగడంలో ఎక్కడ ఫలితం వచ్చింది, ఎక్కడ చెప్పులరిగాయి అన్నదే ఈ నివేదిక.

ఏడాది మొదలవడమే ఎన్నికల కోడ్‌తో మొదలైంది. 2024 మార్చి 16న లోక్‌సభ షెడ్యూల్ వచ్చింది. మన నల్లగొండ జిల్లాలో పోలింగ్ మే 13న. అది అయిందనుకునేలోపే మే 27న పట్టభద్రుల ఎమ్మెల్సీ ఉపఎన్నిక. జూన్ మొదటి వారం దాటేదాకా ఏ ఆఫీసులో అర్జీ పెట్టినా "కోడ్ ఉంది, తర్వాత రండి" అన్నారు. మళ్లీ జనవరి ఆఖరు నుంచి ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నిక పేరుతో అదే మాట. కోడ్ ఉన్నప్పుడు కొత్త పనులు మంజూరు చేయకూడదన్నది మాకూ తెలుసు. కానీ అర్జీ తీసుకుని రశీదు ఇవ్వడానికి ఏ కోడ్ అడ్డం వస్తుంది? ఒక మండల ఆఫీసులో మూడుసార్లు అర్జీ ఇస్తే మూడుసార్లూ అది కనిపించకుండా పోయింది. నాలుగోసారి నకలు మీద స్టాంపు వేసేదాకా మన ఉపాధ్యక్షులు కుర్చీలోంచి లేవలేదు. ఆయన పట్టుదలకు సభ తరఫున కృతజ్ఞతలు.

ఇంకో కష్టం సర్పంచులు లేకపోవడం. 2024 ఫిబ్రవరి మొదట్లో పాలకవర్గాల గడువు తీరింది. ఈ ఏడాదంతా ప్రత్యేకాధికారుల పాలనే. వాళ్లకు వాళ్ల శాఖ పనులే తలకు మించి ఉన్నాయి. మోరీ నిండినా, వీధి దీపం పోయినా చెప్పుకునే మనిషి ఊళ్లో లేక జనం నేరుగా ఎమ్మెల్యే దగ్గరికి పరుగెత్తారు. ఎమ్మెల్యే అసెంబ్లీలో మాట్లాడాల్సిన సమయం ఇలా మోరీల పంచాయతీలోనే గడిచిపోయింది. ఇది ఆయన తప్పని నేను అనను. పంచాయతీ ఎన్నికలు సమయానికి జరగకపోతే పైనున్న అన్ని కుర్చీల పనీ చెడుతుందని ఈ ఏడాది కళ్లారా చూశాం.

దీనికి తోడు మన ఊళ్లకున్న ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మన సభ్యుల్లో మర్రిగూడ, నాంపల్లి వాళ్లు మునుగోడు ఓటర్లు, చింతపల్లి వాళ్లు దేవరకొండ ఓటర్లు. మునుగోడు భువనగిరి లోక్‌సభ కిందికి వస్తుంది, దేవరకొండ నల్లగొండ లోక్‌సభ కిందికి వస్తుంది. గట్టు ఇవతల ఒక ఎమ్మెల్యే, ఒక ఎంపీ. గట్టు అవతల ఇంకో ఎమ్మెల్యే, ఇంకో ఎంపీ. బోర్లలో నీళ్లకు మాత్రం ఈ హద్దులు తెలియవు. ఒక ఆఫీసుకు పోతే "అది అవతలి వాళ్ల పరిధి" అంటారు, అవతలికి పోతే ఇటు చూపిస్తారు. అందుకే ఈసారి కార్యవర్గం ఒక నిర్ణయం తీసుకుంది. ఇక నుంచి ప్రతి అర్జీ నాలుగు ప్రతులు తీసి నలుగురికీ ఒకే రోజు ఇస్తాం. జూలై నుంచి అలాగే చేస్తున్నాం. జిరాక్స్ ఖర్చు పెరిగిందని కోశాధికారి గారు అన్న మాట నిజమే. కానీ తప్పించుకునే దారి కూడా మూసుకుపోయింది.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన కార్యక్రమం, దీపావళి ముందు ఆదివారం రైతు వేదికలో జరిపిన ముఖాముఖి. దీని గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

నాలుగు ఆఫీసులకూ పిలుపులు పంపాం. ఒక ఎమ్మెల్యే గారు, ఒక ఎంపీ గారు వచ్చారు. మిగతా ఇద్దరు పీఏలను పంపారు. వచ్చినవాళ్లకు దండలు, శాలువాలు వద్దని ముందే అనుకున్నాం. ఆ డబ్బులతో మైకు పెట్టించాం. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ఒక్కటే విషయం, చేతిలో కాగితం ఉండాలి అని షరతు పెట్టాం. మన కుర్రాళ్లు ట్రిపుల్ ఆర్ (ప్రాంతీయ రింగు రోడ్డు) గురించి, నల్లగొండ రైలు మార్గం డబ్లింగ్ గురించి కూడా అడుగుతామన్నారు. అవి పెద్ద విషయాలే, కాదనను. అన్నీ ఒకేసారి అడిగితే ఒక్కటీ చెవికెక్కదని బతిమాలి ఆపాం. వాళ్లు మాట విన్నందుకు ధన్యవాదాలు.

ముందుగా మాట్లాడింది మన ఊరి పెద్దాయన ఒకరు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి పోటీ చేసిన 480 మందిలో ఆయన ఒకరు. గెలవడానికి కాదు, ఫ్లోరైడ్ నీళ్లు తాగుతున్న జిల్లా ఒకటి ఉందని ఢిల్లీకి తెలియడానికి వేసిన నామినేషన్లు అవి. జల సాధన సమితి పిలుపు మీద రైతులు, కూలీలు, నడవలేనివాళ్లు కూడా డిపాజిట్ 500 రూపాయలు కట్టి నిలబడ్డారు. అంతమంది పేర్లు ఒక కాగితంలో పట్టక బ్యాలెట్ పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా పడింది. దేశమంతా మన వైపు చూసింది. ఆ ఎన్నికలో బొమ్మగాని ధర్మభిక్షం గారు గెలిచారు. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 10,000 రూపాయలు చేశారు. పెద్దాయన తన డిపాజిట్ రశీదును ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చారు. దాన్ని చూపించి, "అప్పుడు మేం అడిగింది నీళ్లు. నీళ్లొచ్చినై. ఈ వంగిన కాళ్ల సంగతి ఎవరడగాలె?" అన్నారు. సభలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మన పదో తరగతి పిల్లలకు ఈ చరిత్ర తెలియదని అప్పుడే అర్థమైంది. 1952లో ఇదే నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి గారు నెహ్రూ గారికన్నా ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు వెళ్లారని కూడా చాలామంది పిల్లలు ఆరోజే విన్నారు.

పెద్దాయన అడిగిన ప్రశ్నే ఆరోజు ముఖ్యాంశమైంది. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు గట్టిపడి వంగుతాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేస్తే దానికి "నల్గొండ టెక్నిక్" అని మన జిల్లా పేరే పెట్టారు. తర్వాత 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన మిషన్ భగీరథ వచ్చింది, కృష్ణా నీళ్లు గడపలోకి వచ్చాయి. కొత్తగా పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉంటే మాకు పండగలా ఉంది. కానీ ఒకసారి వంగిన ఎముక నీళ్లు మారితే తిరిగి నిలబడదు. ఆ మనుషులు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు.

వాళ్లకు రాష్ట్రం ఇచ్చే వికలాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలు. అదే కేంద్రం పథకంలో వికలాంగుల పింఛను నెలకు 300 రూపాయలు. 2012 నుంచి ఆ అంకె కదలలేదు. అది కూడా వైకల్యం 80 శాతం ఉంటేనే. వైకల్యం కొలిచే సదరం క్యాంపులో 40 శాతం దాటితే సర్టిఫికెట్ వస్తుంది గానీ కేంద్రం లెక్కలో అది చాలదు. 60, 65 శాతం అని రాయించుకున్న మనవాళ్లు సొంతంగా చెంబు ఎత్తలేరు. ఆ శాతం ఎలా వేస్తారో చూసినవాళ్లకు తెలుసు, నడుము ఎంత వంగిందో కొలుస్తారు గానీ రాత్రంతా నొప్పితో ఎలా గడిచిందో కొలవరు.

ఇక్కడే మన టీచర్ల బృందం చేసిన పని చెప్పాలి. ఉత్త వినతిపత్రం ఇస్తే ఫైల్లో పడిపోతుందని, పార్లమెంటులో అడిగే ప్రశ్న రూపంలోనే రాసి ఇద్దామని వాళ్లు పట్టుబట్టారు. లోక్‌సభలో ప్రశ్న 150 పదాలు దాటకూడదు, కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మన మొదటి ప్రతి రెండు పేజీలు వచ్చింది. అందులో ఆవేదన ఎక్కువ, ప్రశ్న తక్కువ. మూడు రాత్రులు కూర్చుని కొట్టేసి, కొట్టేసి 150 పదాల్లోకి తెచ్చారు. 300 రూపాయలు పెంచే ఆలోచన ఉందా, ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ జబ్బు) బాధితులకు 80 శాతం షరతు సడలిస్తారా, ఇంటి దగ్గరే ఫిజియోథెరపీ అందించడానికి జాతీయ ఫ్లోరోసిస్ కార్యక్రమంలో వీలుందా అన్న మూడు అంశాలే మిగిల్చారు. శీతాకాల సమావేశాలు నవంబరు 25న మొదలయ్యాయి, మనం దీపావళి ముందే ఇవ్వగలిగాం.

ఎంపీ గారు కాగితం చదివి, "ఇట్ల రాసి ఇస్తే మాకు పని సులువు" అని అక్కడే పీఏ చేతికిచ్చారు. నోటీసు ఇచ్చామని తర్వాత ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పారు. ప్రశ్నలు ఎంచే లాటరీలో పేరు రాక ఆ సమావేశాల్లో ప్రశ్న సభ ముందుకు రాలేదు. మన సభ్యుల్లో కొందరు "అంతా ఉత్తదే" అన్నారు. నేను ఒప్పుకోను. ఒకరోజుకు నోటి జవాబుకు తీసుకునేవి 20 ప్రశ్నలే, అడిగే సభ్యులు వందల్లో ఉంటారు. రాకపోతే మళ్లీ ఇవ్వాలి. ఆ కాగితాన్నే రెండో ఎంపీ గారి ఆఫీసుకు కూడా పంపాం.

ఎమ్మెల్యే గారి ముందు పెట్టింది శివన్నగూడెం, కిష్టరాంపల్లి జలాశయాల కింద భూములిచ్చిన కుటుంబాల సంగతి. ఆ జలాశయాలు కట్టే డిండి ఎత్తిపోతలకు 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. భూమి పోయి ఇన్నేళ్లయినా పరిహారం, పునరావాసం లెక్క తేలనివాళ్లు మన సభ్యుల్లోనే ఉన్నారు. ఆయన పేర్లు రాసుకుని ఆర్డీఓ దగ్గర సమావేశం పెట్టించారు. కొన్ని ఫైళ్లు కదిలాయి. మిగిలినవాటి కోసం ఇప్పటికి ఐదు సోమవారాలు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లాం.

ముఖాముఖి ఇంత బాగా జరగడానికి కారకులు ఎందరో. వేదిక తాళం ఇచ్చి రోజంతా మాతోనే ఉన్న ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) గారు, కిరాయి తీసుకోని టెంట్ హౌస్ తమ్ముడు, పప్పు, వంకాయ కూర, మజ్జిగతో అందరికీ అన్నం పెట్టిన మహిళా సంఘం అక్కలు, నడవలేని పదకొండు మందిని ఇంటింటి నుంచి తెచ్చి మళ్లీ దిగబెట్టిన ఆటో డ్రైవర్లు. వీళ్లు లేకపోతే ఆ రోజు లేదు.

ఉపాధి హామీ విషయం కొంత చెప్పాలి. 2024–25లో మనకు రోజు కూలి 300 రూపాయలు, 2025 ఏప్రిల్ 1 నుంచి 307. ఏడు రూపాయలు పెరిగింది. పదిహేను రోజుల్లో కూలి వేయాలని చట్టం చెబుతున్నా నెలలు ఆగిన మస్టర్లు మన దగ్గర ఉన్నాయి. రోజుకు రెండుసార్లు ఫోన్లో ఫొటో ఎక్కించాలి, గుట్ట కింద సిగ్నల్ రాదు, ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. పని దగ్గర హాజరు వేసే మేట్‌లు ఎంత టెన్షన్ పడుతున్నారో వాళ్లనడిగితే తెలుస్తుంది. ఈ విషయం మీద రాసిన కాగితానికి నలుగురిలో ఇద్దరే జవాబిచ్చారు. రుణమాఫీ జాబితాలో పేరు రానివాళ్ల అర్జీలు కూడా ఆగస్టు తర్వాత చాలా రాశాం. కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు.

ఫిబ్రవరి 22 సంగతి రాయకుండా ఈ నివేదిక పూర్తి చేయలేను. ఆరోజు దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. దాదాపు 44 కిలోమీటర్ల ఆ సొరంగం మన నల్లగొండకు శ్రీశైలం నీళ్లు తేవడానికే. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు మన నీళ్ల కోసం తవ్వుతూ పోయారు. మార్చిలో ఇద్దరి మృతదేహాలు దొరికాయి, మిగిలిన ఆరుగురు ఇంకా మట్టి కిందే ఉన్నారు. చౌరస్తాలో కొవ్వొత్తులు వెలిగించాం. సొరంగం ఎప్పుడు పూర్తవుతుందని ప్రతి ఏడాదీ అడిగే మనం, లోపల పనిచేసేవాళ్ల భద్రత గురించి ఒక్క అర్జీలోనూ రాయలేదు. ఈసారి రాశాం.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. పుస్తకం సరిచూశారు, ప్రతిని నోటీసు బోర్డుకు అంటించాం. చందా బాకీ ఉన్నవాళ్లు ఈరోజే కట్టాలని మనవి.

ఒక మాట బాధతోనే రాస్తున్నాను. ముఖాముఖి రోజు ఫొటోలో నిలబడినవాళ్లలో సగం మంది ప్రజావాణికి ఒక్క సోమవారం కూడా రాలేదు. వాట్సాప్‌లో "మేమున్నాం" అని పెట్టిన యువజన విభాగం బాధ్యులిద్దరు తర్వాత ఫోన్ ఎత్తలేదు. నల్లగొండ బస్సుకు ప్రతిసారీ అవే నాలుగు ముఖాలు. అందులో ఇద్దరికి అరవై దాటాయి. వాళ్లు సభ్యత్వం మీద ప్రేమతో పోతున్నారు గానీ మోకాళ్లు సహకరించి కాదు.

వచ్చే వర్షాకాల సమావేశాలకు ప్రశ్న మళ్లీ ఇవ్వాలి. ఫ్లోరోసిస్ బాధితుల ఇల్లిల్లూ తిరిగి వైకల్య శాతం, పింఛను వివరాలు రాసే పని జూన్ లోపు పూర్తి కావాలి. అందుకు ఊరికి ఇద్దరు చొప్పున కావాలి. పేర్లు రాసే పుస్తకం గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టాను, పెన్ను కూడా ఉంది. భోజనానికి ముందే రాయండి.

ఇట్లు,
కార్యదర్శి