గుండ్లకమ్మలో దిగిన ఆరుగురి పేర్లేవి?

సంపాదకులకు నమస్కారం.

ఒంగోలు బాప్టిస్టు సంఘం చరిత్ర ఎవరు రాసినా అమెరికా మిషనరీ క్లౌ దొరతో మొదలుపెట్టి క్లౌ దొరతోనే ముగిస్తారు. ఆయనకు వంక పెట్టడం నా ఉద్దేశం కాదు. 1876-78 నాటి ధాత కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. ఆ పనులు నడిచినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, గంజి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని.

అయితే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది ఆయన కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని నీళ్లలో దిగారు. దొర పేరు మీద ఆస్పత్రి వెలిసింది. ఆ ఆరుగురి పేర్లు చెప్పమంటే పిల్లలే కాదు, సంఘ పెద్దలూ తడుముకుంటారు.

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ప్రార్థించిన అయిదుగురిలో మిషనరీలైన జూవెట్ దంపతులు పోను మిగతా ముగ్గురూ ఇక్కడివాళ్లే. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది. అంతకు ముందు ఏడాదే తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. తోళ్ల బేరం చేసే మనిషి, ఊరూరా తిరిగిన కాళ్లు. మాదిగపల్లెల్లో చుట్టరికం ఉన్నచోటల్లా కూర్చుని వాక్యం చెప్పాడు. అన్ని పల్లెల్లో సంఘాలు లేచాయంటే ఇలాంటివాళ్ల నడక వల్లే. బంగళాలో కూర్చుంటే అయ్యే పనా అది?

మా ఊళ్లో పాత గుడి పడగొట్టి స్లాబు వేసేటప్పుడు బాప్తిస్మాల రిజిస్టర్లు తెచ్చి వరండాలో పడేశారు. రెండు వానలకు సగం ముద్దయిపోయాయి. మిగిలినదాంట్లో మా తాతమ్మ పేరు, పుట్టినూరు, బాప్తిస్మమిచ్చిన బోధకుడి పేరు దొరికాయి. మా ఇంట్లో ఆవిడ పుట్టినూరు ఎవరికీ తెలియదు!

రిజిస్టర్లు బయటికి తీయాలంటే జంకు ఉన్నమాట నిజమే. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను మన రాష్ట్రంలో బీసీ-సీలో లెక్కిస్తారు కాబట్టి, పేరు కనబడితే పిల్లల ఎస్సీ సర్టిఫికెట్‌కి ఏమవుతుందోనని టెన్షన్. ఆ భయాన్ని తప్పుపట్టలేను. అందుకే నూరేళ్లు దాటిన పేజీలు మాత్రం ఫొటోలు తీయించి భద్రం చేయాలని సంఘ పెద్దలనూ జిల్లా అధికారులనూ కోరుతున్నాను. ఖర్చు కూడా పెద్దగా ఉండదు, ఫోనులోనే తీయొచ్చు. వెల్లంపల్లి ఒడ్డున ఆ ఆరుగురి పేర్లతో ఒక రాయి నిలబెట్టాలి. మా ఊరి రిజిస్టరులో తడవని పేజీలు ముందుగా నేనే తెచ్చిస్తాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా