పిల్లలు రాసుకోవడానికి ఇంట్లో ఒక చోటు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మొన్నటి సమావేశంలో మెట్ల పక్క గోడకు అంటించిన కాగితాల గురించి మీలో చాలామంది ఇంకా మాట్లాడుకుంటున్నారని తెలిసింది. 'ఇంట్లో నేను ఎక్కడ కూర్చుని రాస్తాను' అని ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు పిల్లలందరి చేతా రాయించాం. "మంచం మీద బోర్లా పడుకుని." "టీవీ ముందు, మధ్యలో యాడ్స్ వచ్చినప్పుడు." "నాకు టేబుల్ ఉంది, కానీ దాని మీద ఇస్త్రీ చేయాల్సిన బట్టలుంటాయి." ఇంటి సంగతులు గోడకెక్కించారని కొందరు ఫోన్ చేసి నొచ్చుకున్నారు. ఏ కాగితం మీదా పేరు లేదు, తరగతి లేదు. పిల్లలు ఉన్నదున్నట్టు, చక్కటి వాక్యాల్లో రాశారు. ఇప్పుడు వాటిని తీసేస్తే నిజం రాయకూడదని మనమే నేర్పినట్టవుతుంది. అందుకే నెలాఖరు దాకా అవి అక్కడే ఉంటాయి.



రాసుకునే చోటు అంటే ప్రత్యేకంగా గదే ఉండాలని కాదు. పిల్లల ఒంటికి సరిపడే ఒక మూల ఉన్నా చాలు. స్టడీ టేబుళ్లు, కుర్చీలు ఎక్కువగా పెద్దవాళ్ల కొలతలకే ఉంటాయి. పాదాలు నేలకు ఆనక వేలాడుతుంటే పిల్లలు ముందుకు జారతారు, ఒక కాలు మడుచుకుంటారు, మళ్లీ లేస్తారు. "కుదురుగా కూర్చో" అని మనం అరుస్తాం. తప్పు కుర్చీ ఎత్తుది. పాదాల కింద చిన్న పీట వేసి చూడండి. టేబుల్ మోచేతి ఎత్తులో ఉండాలి. అంతకంటే ఎత్తుగా ఉంటే భుజాలు పైకి లేచి, పేజీ నిండకముందే చెయ్యి లాగుతుంది. పుస్తకానికీ కంటికీ మధ్య, మోచేతి నుంచి పిడికిలి దాకా ఉన్నంత దూరం ఉండాలి. నేల మీద బాసింపట్టు వేసుకుని ఎత్తు తక్కువ రాతబల్ల మీద రాసినా బాగానే ఉంటుంది. బోర్లా పడుకుంటే మాత్రం బరువంతా మోచేతుల మీదే పడి మణికట్టు ఆడదు.

కుడిచేత్తో రాసేవాళ్లకు వెలుతురు ఎడమవైపు నుంచి, ఎడమచేత్తో రాసేవాళ్లకు కుడివైపు నుంచి రావాలి. అప్పుడే చేతి నీడ అక్షరాల మీద పడదు. టేబుల్ లైటు వేసినా గదిలో లైటు ఆర్పకండి.

మా బడిలో మూడో తరగతి అబ్బాయి ఒకడి గురించి చెప్పకుండా ఉండలేను. ఎడమచేతి వాటం. రాసిన ప్రతి అక్షరం మీదుగా చెయ్యి వెళ్లడంతో చొక్కా చేతి అంచు ఎప్పుడూ సిరా మరకలే. క్లాస్ టీచర్ వాణ్ణి బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టి, నోట్‌బుక్ పై అంచు కుడివైపు వాలేలా తిప్పించి, పెన్ను కొంచెం పైకి పట్టుకోవడం నేర్పారు. ఇప్పుడు వాడు అరపేజీ ఆగకుండా రాస్తున్నాడు! ఇంట్లో ఎడమచేతిని మాన్పించాలని చూసేవాళ్లు దయచేసి ఆ ప్రయత్నం ఆపండి. అది అలవాటు కాదు, పిల్లల చేతి వాటం.

అన్నిటికంటే నాకు ముఖ్యమైనది, పిల్లలు రాస్తుంటే వెనక ఎవరూ నిలబడి చూడకపోవడం. ప్రతి విద్యార్థికీ ఎర్రసిరా తగలని ఒక నోట్‌బుక్ ఉండాలని నేను ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నాను. మా టీచర్లు దాన్ని దిద్దరు, మార్కులు వేయరు. ఇంట్లో కూడా దాన్ని పట్టుకుని "ఈ స్పెల్లింగేంటి, ఈ కొక్కిరిగీతలేంటి" అనకండి. తప్పు పట్టరన్న ధైర్యం ఉన్నప్పుడే మనసులోది కాగితం మీదకొస్తుంది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు బీరువాకీ కిటికీకీ మధ్య సందులో పాత ట్రంకు పెట్టె పెట్టుకుంది. అదే ఆమె బల్ల. పైన దారం కట్టి, ఆ రోజు చెవిన పడిన కొత్త మాటలు చీటీల మీద రాసి క్లిప్పులతో తగిలిస్తుంది. "తలుపు తాళం తీసే చప్పుడును బట్టి నాన్న ఈ రోజు ఎలా ఉన్నాడో చెప్పగలను" అని రాసింది. ఆమెను అడిగి, ఆ వాక్యం స్టాఫ్ రూమ్‌లో అందరికీ చదివి వినిపించాను. అంత మంచి వాక్యం ఈ ఏడాది నేను చదవలేదు.

అందుకే వ్యాసాలు మీరు రాసిచ్చి, పిల్లల చేత ఎక్కించి పంపకండి. మాకు తెలిసిపోతుంది, పిల్లలకు సిగ్గుగా ఉంటుంది. వాళ్లు రాసుకునే అరగంటా ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడకండి. అందరి ఛార్జర్లూ వాళ్ల బల్ల మీదే ఎందుకుండాలి? ఆ బట్టల మూట కూడా వేరే చోటికి మార్చగలరని ఆశిస్తున్నాను.

సోమవారం ప్రతి బ్యాగులో ఒక కొలతల కాగితం పంపుతున్నాం. కుర్చీ ఎత్తు, బల్ల ఎత్తు, కూర్చున్నప్పుడు మోచేతి ఎత్తు, వెలుతురు వచ్చే వైపు పిల్లలే రాస్తారు. మీరు టేపు పట్టుకోండి చాలు. విరిగిన బెంచీల చెక్కతో మా క్రాఫ్ట్ టీచర్ చిన్న వాలు బల్లలు చేయిస్తున్నారు. ఇంట్లో టేబుల్ లేనివాళ్లు కాగితం చివర టిక్ పెట్టి, గురువారంలోగా క్లాస్ టీచర్‌కు పంపండి. ముందు వాళ్లకే ఇస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు