లీవ్ లెటర్‌లో ఆశ్చర్యార్థకాలు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మా ఊళ్లో చాలా ఏళ్లు టైప్ ఇన్‌స్టిట్యూట్ నడిపాను. ఇప్పుడు అదే గదిలో డీటీపీ పనులు చేస్తున్నాం. కుర్రాళ్లు ఇంగ్లిష్‌లో రాసుకొచ్చే అప్లికేషన్లు, లీవ్ లెటర్లు చూస్తుంటే బాధేస్తోంది. ‘రెస్పెక్టెడ్ సర్!’ అని మొదలుపెడతారు. ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్!’ అంటారు. చివర్లో ‘కైండ్లీ గ్రాంట్ మీ లీవ్!!!’ జ్వరంతో ఉన్న మనిషి సెలవు అడిగినట్టు ఉండదు, ఆఫీసరు మీద కేకలేసినట్టు ఉంటుంది. మొన్న ఒకాయన సంతాప సందేశం చివర కూడా మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టుకొచ్చారు. చావింటికి వెళ్లే కాగితం కదా అని నచ్చజెప్పి తీయించాను.

మా ఇన్‌స్టిట్యూట్‌లోని పాత మిషన్లలో ఈ గుర్తుకు విడిగా కీ ఉండేది కాదు. ఫుల్‌స్టాప్ కొట్టి, బ్యాక్‌స్పేస్ నొక్కి, దాని పైన అపాస్ట్రఫీ కొట్టాలి. అంత పని ఉండేసరికి, ఇక్కడ ఇది నిజంగా కావాలా అని ఎవరైనా ఒక్క క్షణం ఆగేవారు. ఇప్పుడు ఫోన్‌లో టకటకా నొక్కేస్తున్నారు.

నిజానికి బడిలో నేర్పేది సరిగానే ఉంది. ‘వాట్ ఎ బ్యూటిఫుల్ ఫ్లవర్ ఇట్ ఈజ్!’ అనేదాన్ని మామూలు వాక్యంగా మార్చమంటే పిల్లలు ‘ఇట్ ఈజ్ ఎ వెరీ బ్యూటిఫుల్ ఫ్లవర్.’ అని రాసి ఫుల్‌స్టాప్ పెడతారు. ఆ గుర్తు ‘వాట్ ఎ’, ‘హౌ’ అంటూ ఉప్పొంగే వాక్యానిది, ‘అలాస్’, ‘హుర్రా’ లాంటి మాటలది, ‘ఫైర్!’ అనే హెచ్చరికది. విషయం చెప్పే వాక్యానికి ఫుల్‌స్టాపే. పరీక్షలో మార్కుల కోసం పాటించే ఈ తేడా ఉద్యోగానికి అప్లికేషన్ రాసేటప్పుడు ఎటు పోతోంది?

స్నేహితుల మధ్య వాట్సాప్ మెసేజ్‌లకు నాకేం అభ్యంతరం లేదు. అక్కడ ‘థ్యాంక్స్’ పక్కన ఫుల్‌స్టాప్ పెడితే ముభావంగా ఉందని ఈతరం పిల్లలు అంటారు, ఆ మాటా నిజమే. ‘కంగ్రాచ్యులేషన్స్!’ అని ఒక్కటి పెడితే ఎంతో ఆప్యాయంగా ఉంటుంది. కానీ డబ్బు, జబ్బు, క్షమాపణ, చావు, వీటి గురించి రాసేటప్పుడు మాత్రం వద్దు. ‘యువర్ ఫీ ఈజ్ పెండింగ్!’ అని మెసేజ్ వస్తే ఏ తల్లిదండ్రులకైనా బెదిరించినట్టే ఉంటుంది.

ఇంగ్లిష్ టీచర్లు ఈ పాఠం చెప్పేటప్పుడు పువ్వుల వాక్యాలతో పాటు పిల్లలు రాసిన లీవ్ లెటర్ కూడా ఒకటి బోర్డు మీద రాసి దిద్దించాలి. మీ చదువుల పేజీలోనూ అలాంటివి దిద్ది వేస్తే మేలు. నమూనాలు కావాలంటే, రాసినవాళ్లను అడిగి, పేర్లు తీసేసి నేనే పంపిస్తాను.

– ఒక టైప్ ఇన్‌స్టిట్యూట్ నిర్వాహకుడు, తెనాలి