ఓడలో నన్నూ, బరంపురంలో నాన్ననూ చూసుకున్నవాళ్ళకి

నాన్న నిన్న వాకర్ పట్టుకుని వీధి గుమ్మం దాకా నడిచారు. కాస్త ఊపిరి తీసుకుని ఇప్పుడు రాస్తున్నాను. "నువ్వు సముద్రం మధ్యలో ఉంటే ఇక్కడ అన్నీ ఎవరు చూసుకున్నారే?" అని చాలామంది అడిగారు. వాళ్ళ గురించే ఇది.

విశాఖలో ఓడెక్కిన పదకొండో రోజు. (రీసెర్చ్ షిప్ అనగానే మావాళ్ళు సాగర్ కన్యేనా అంటారు. అది 1983 నుంచీ ఉన్న ఓడ, నేనెక్కింది వేరేది.) నా వాచ్ (డ్యూటీ వంతు) పన్నెండు నుంచి నాలుగు, పగలొకసారి, అర్ధరాత్రి ఒకసారి. ఆ రాత్రి సీటీడీ (నీటి ఉప్పదనం, వేడి, లోతు కొలిచే యంత్రం) రెండు వేల మీటర్ల లోతు నుంచి నీళ్ళు నింపిన సీసాలతో పైకొచ్చింది. అప్పుడే చీఫ్ సైంటిస్ట్ గారు స్వయంగా డెక్ మీదికి వచ్చారు. "మీ నాన్నగారు స్కూటర్ మీంచి పడ్డారమ్మా. తుంటి ఎముక విరిగింది, ప్రాణానికి భయం లేదు. పైకెళ్ళి మాట్లాడు." ఓడ ఎప్పుడు తిరిగొస్తుందో ఆయన్ని అడిగిన బాబాయి, నాకు మాత్రం సంగతి చెప్పొద్దన్నారట. సార్, మీరు దాచనందుకు ముందుగా మీకు దండం.

శాటిలైట్ ఫోన్లో నాన్న అడిగిన మొదటి మాట: "అక్కడ తుఫానేమైనా ఉందా?" 2013లో ఫైలిన్ తుఫాను మా ఊరికి దగ్గర్లోని గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పటి నుంచీ అక్టోబర్ వస్తే ఆయనకి టెన్షనే.

కిందికొచ్చేసరికి నా చేతిలోని నీళ్ళు పట్టే ట్యూబు, నాతో పనిచేసే మలయాళీ అమ్మాయి చేతిలో ఉంది. ఆక్సిజన్ కొలవడం కోసం నీళ్ళు అన్నిటికన్నా ముందు పట్టాలి, ఒక్క బుడగ దూరినా లెక్క తప్పుతుంది. నా చేతులు వణుకుతున్నాయి, ఆమెవి వణకలేదు. ఆక్సిజన్ ఉంటే రంగు మారే రసాయనాలు కలిపాక పైనీళ్ళ సీసాల్లో గోధుమరంగు ముద్ద దిగింది. రెండు వందల మీటర్ల నీళ్ళలో మాత్రం పాలిపోయి తెల్లగా ఉంది, అక్కడ ఆక్సిజన్ దాదాపు లేదు కాబట్టి. అది చూస్తూ నిలబడ్డానే తప్ప నేను చేసిందేమీ లేదు. ఆ తర్వాత నాలుగు రాత్రులు ఆమె ఎనిమిది నుంచి పన్నెండు తన వాచ్ చేసి, దాని వెనకే నాదీ చేసింది. లాగ్ బుక్‌లో ఆ పేజీలన్నీ ఆమె చేతిరాతే.

వంటాయన ఒడిశాలోని మా గంజాం జిల్లా వైపు మనిషి. ఓడ ఊగినప్పుడు కంచాలు జారకుండా బల్లమీద గుడ్డ తడిపి పరుస్తారు. దానిమీద నా ముందు మురీల (మరమరాల) గిన్నె పెట్టి, "తిను గుంటా, ఖాళీ కడుపుకి ఓడ ఇంకా ఎక్కువ ఊగుతాది" అన్నారు. ఇంకేమీ అడగలేదు.

ఇక బరంపురం. నాన్నని ఒక ఆటో అన్న ముందు తీసుకెళ్ళిన ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టందే స్ట్రెచర్ కదలదన్నారట. పేరెందుకులెండి. ఆ ఆటో అన్నే మళ్ళీ ఎక్కించుకుని ఎం.కె.సి.జి. ప్రభుత్వాసుపత్రికి చేర్చాడు, కిరాయి తీసుకోలేదు. ఆపరేషన్‌కి రక్తం కావాలంటే గోపాలపూర్ నుంచి ఇద్దరు జాలరి తమ్ముళ్ళు చేపల వేట నుంచి దిగీ దిగగానే బైక్ మీద వచ్చారు. బరంపురం యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు వాళ్ళ పడవలోనే నేను పరీక్షకి సముద్రపు నీళ్ళు పట్టుకొచ్చేదాన్ని.

పక్కింటి మౌసీ ఆరు రాత్రులు వార్డు బయట చాప మీద పడుకున్నారు. రోజూ వాళ్ళబ్బాయి చేత ఓడకి ఒక మెయిల్ కొట్టించేవారు. ఒకరోజు వచ్చింది: "మీ నాన్న పప్పులో ఉప్పు లేదని నర్సుతో గొడవపడ్డాడు. బాగయినట్టే." ఆ పూట నేను ల్యాబ్‌లో ఉప్పే కొలుస్తున్నాను. మామూలుగా కిలో సముద్రపు నీటిలో 35 గ్రాముల దాకా ఉప్పుంటుంది. వానాకాలం అయ్యాక ఉత్తర బంగాళాఖాతంలో నదుల నీళ్ళు పైన తేలుతాయి, కొన్నిచోట్ల 30 కూడా ఉండదు. పప్పులోనూ లేదు, సముద్రంలోనూ లేదు అని ఒక్కదాన్నే నవ్వుకున్నాను, అన్నాళ్ళకి మొదటిసారి.

మౌసీ, మీ స్టీలు క్యారేజీ ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆదివారం తెస్తాను, ఖాళీగా మాత్రం కాదు.