ఆదివారం టోల్కీన్ గురించి

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం 5కి కాలువ గట్టున మేష్టారి అరుగు మీదే కలుద్దాం. ఈసారి ఇంగ్లీషు రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ గురించి మాట్లాడుకుందాం.

1892లో దక్షిణాఫ్రికాలో పుట్టారు. నాలుగేళ్లకు తండ్రి, పన్నెండేళ్లకు తల్లి పోయారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, ఫ్రాన్స్‌లోని సోమ్ పోరుకు వెళ్లి, పేల వల్ల వచ్చే ట్రెంచ్ ఫీవర్‌తో ఇంటికొచ్చారు. ప్రాణస్నేహితులు ఇద్దరు ఆ ఏడాదే చనిపోయారు. 1925 నుంచి 1959 దాకా ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్.

నాకు బాగా నచ్చింది ఇది. ఇంటి ఖర్చుల కోసం వేసవిలో స్కూలు పిల్లల పరీక్ష పేపర్లు దిద్దేవారు. ఎవరో ఒక పేజీ ఖాళీగా వదిలేస్తే, దాని మీద బొరియలో ఉండే హాబిట్ గురించి ఒక్క వాక్యం రాశారు. హాబిట్ అంటే ఏమిటో అప్పటికి ఆయనకే తెలీదు! ఏటా పేపర్ల కట్టలు దిద్దే నాకు ఆ తెల్ల పేజీ కళ్ల ముందే ఉంటుంది. (తర్వాత ఆయన కథల్లో హాబిట్ అంటే మనిషిలాంటి పొట్టి కల్పిత జీవి.) ఆ వాక్యంతో మొదలైన నవల 'ది హాబిట్' 1937లో వచ్చింది. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954-55లో, మూడు భాగాలుగా.

ఇంకోటి, ఆయన ముందు భాషలు కల్పించారు, ఆ భాషలు మాట్లాడేవాళ్ల కోసం కథలు తర్వాత పుట్టాయి. వాగనుశాసనుడు నన్నయ భారతం మొదలుపెట్టిన రాజమహేంద్రవరం పక్కనున్నవాళ్లం, వ్యాకరణం తెలిసినవాడు కథ చెబితే ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పాలా?

ఆయన పుస్తకం ఏదైనా ఉన్నవాళ్లు తప్పక తీసుకురండి. లంకల నుంచి వచ్చేవాళ్లు ఆఖరి పడవ టైము చూసుకోండి, చీకటి పడకముందే ముగిద్దాం.